ఆడబిడ్డకు కట్టిన దోమతెర

మా ఆడబిడ్డకు హెచ్‌ఐవి ఉందని తెలిసిన ఏడాది మేమంతా నాంపల్లిలో ఒక్క గదిలో కిరాయికి ఉండేవాళ్లం. ఆమెను కుట్టిన దోమ నా పిల్లలను కుడితే వాళ్లకూ అంటుకుంటుందని భయపడ్డాను. అబిడ్స్‌లో దోమతెర కొనుక్కొచ్చి ఆమె పడకకు కట్టాను.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఒకసారి ఆమె మందుల కోసం దవాఖానకు తోడు వెళ్లినప్పుడు గోడమీది బోర్డు కూడబలుక్కుని చదివాను. రక్షణ లేని లైంగిక సంబంధం, హెచ్‌ఐవి ఉన్న రక్తం, వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు. ఇట్లా సోకుతుందని రాసి ఉంది. కలిసి తింటే రాదు, దోమ కుడితే రాదు.

మందులు వాడుతూ ఆమె ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది. మొన్న మా బిడ్డతో అంటోంది.

"అందరు నన్ను దూరం పెట్టిన్రు. మీ అమ్మనే నాకు దోమలు కుట్టొద్దని తెర కట్టింది. మీకు గూడ కట్టలే!"

"ఔ అత్తమ్మా, మమ్మల్ని దోమలకు వదిలేసింది!" అని మా బిడ్డ నవ్వింది.

"ఏంది వదినా, గట్ల చూస్తున్నవ్? అబద్ధమా?"

"చాయ్ సల్లారుతది, తాగు" అన్నాను.

నిజం చెప్తే నా మనసు తేలికవుతుంది. కానీ ఆ గదిలో తనను ఒక్కరైనా ప్రేమగా చూశారన్న నమ్మకం ఆమెకు పోతుంది. అందుకే ఆమె మెచ్చుకున్నప్పుడల్లా తల వంచుకుని వింటున్నాను.