వినపడని పంపు

ఆ హైబ్రిడ్ కారు మూడోసారి క్రేను కొక్కేనికి వేలాడుతూ షెడ్డు ముందుకు వచ్చేసరికి చెవుల మేస్త్రికి ఒళ్లు మండిపోయింది.

అది అతని పేరు కాదు, జనం ఇచ్చిన బిరుదు. ముప్పయ్యేళ్లుగా అతను ఇంజన్లకు వైద్యం చేసింది చెవితోనే. పొడవాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని, "మూడో సిలిండరు దగ్గర బేరింగు పోయింది" అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. వేరే షెడ్లవాళ్లు కూడా అంతుచిక్కని బళ్లను అతని దగ్గరికే తోసుకొచ్చేవాళ్లు. అలాంటి మనిషిని నెల రోజులుగా ఈ కారు మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది.

కారు ఒక నర్సుది. మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చి, ఇంజెక్షన్లు ఇచ్చి వస్తుంటుంది. ఊరి చివర ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే సగంలో ఎర్రదీపం వెలిగి, బండి నీరసించి ఆగిపోతోంది. ఇలాంటి కార్లలో చల్లబరిచే నీళ్లకు రెండు దారులుంటాయి. ఒకటి ఇంజనుకి. రెండోది, బ్యాటరీ కరెంటును మోటారుకు అందించే ఇన్వర్టరు పెట్టెకి. ఆ రెండో దారిలో నీళ్లు తిప్పడానికి పిడికిలంత ఎలక్ట్రిక్ పంపు ఒకటి ఉంటుంది. ఇన్వర్టరు వేడెక్కుతోందని కారుకి తగిలించిన స్కానరు మొదటిరోజే చెప్పింది. మేస్త్రి స్క్రూడ్రైవరు ఆనించి విన్నాడు. చడీచప్పుడు లేదు. పంపు పోయిందని తేల్చేసి కొత్తది బిగించి, చుట్టుపక్కల వీధుల్లో రెండు చుట్లు తిప్పి పంపించేశాడు. వారం తిరక్కుండా బండి మళ్లీ వచ్చింది. మళ్లీ విన్నాడు, మళ్లీ నిశ్శబ్దమే. కొత్త పంపు డొల్ల సరుకని తిట్టుకుంటూ ఇంకొకటి వేశాడు.

ఇదిగో, ఇప్పుడు మూడోసారి.

"అక్కడ ఒక పెద్దాయన పుండుకి కట్టు మార్చే టైము దాటిపోయింది మేస్త్రిగారూ," అంది నర్సు కారు తలుపు ధడాలున వేసి. "రోడ్డు మధ్యలో గంటసేపు నిలబడ్డాను. అసలు మీకు ఈ బండి అర్థమవుతోందా? అవ్వకపోతే అవ్వలేదని చెప్పేయండి, ఇంకెక్కడికైనా తీసుకెళ్తా."

ఆ మాట మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది. విసురుగా బానెట్టు ఎత్తాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి. గొట్టాలు ఎక్కడా కారడం లేదు. ఫ్యాను తిరుగుతోంది. ఫ్యూజు బాగుంది. పంపు దాకా కరెంటు వస్తోంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బండి మాత్రం సరిగ్గా లేదు! స్క్రూడ్రైవరు తీసి పంపుకి ఆనించాడు. ఏమీ లేదు. పిడిని నొప్పి పుట్టేదాకా ఎముకకి నొక్కాడు. ఫ్యాను గాలి బరబరలు తప్ప ఇంకేమీ లేదు.

ఫోను తీసి బావమరిదికి చేశాడు. స్పేరుపార్ట్ల కొట్టు అతనిదే, రెండు వీధుల అవతల.

"ఒరేయ్, నువ్వు నాకు పంపులు పంపిస్తున్నావా, బొమ్మలు పంపిస్తున్నావా?"

"బావా, అరవకు, వస్తున్నా," అన్నాడు బావమరిది. మూడో పంపు చేత్తో పట్టుకునే వచ్చాడు. నోరు తెరిస్తే మూసే అలవాటు లేని మనిషి, ఇంజను మీదికి వంగి మాత్రం ఒక్క క్షణం ఊరుకున్నాడు. "తిరుగుతోందిగా బావా."

"ఏడిసినట్టుంది. ఎక్కడ తిరుగుతోంది?"

"సన్నగా కూస్తోంది కదా, దోమలాగ. స్క్రూడ్రైవరు అక్కర్లేదు, ఇక్కడికే వినపడుతోంది."

మేస్త్రి నర్సు వైపు చూశాడు, సాక్ష్యం చెప్పమన్నట్టు. ఆమె కోపం ఎక్కడికి పోయిందో గాని, ముఖం మారిపోయింది. నెమ్మదిగా అతని వెనక్కి నడిచింది.

"ఏమైనా వినపడిందా మేస్త్రిగారూ?"

"ఏంటమ్మా వినపడేది?"

"మీ చెవి పక్కన వేళ్లు రుద్దుతున్నాను."

మేస్త్రి స్క్రూడ్రైవరును బల్ల మీదికి విసిరికొట్టాడు. అది దొర్లుకుంటూ వెళ్లి ఎక్కడో పడింది. "నా చెవులకేం రోగం! నిన్న లారీ ఇంజన్లో తేడా కనిపెట్టింది ఎవరు?"

"లారీ చప్పుడు లావుది," అంది నర్సు. "ఏళ్లతరబడి రణగొణధ్వనిలో పనిచేసేవాళ్లకి ముందు సన్న శబ్దాలే పోతాయి. మెల్లగా పోతాయి, అందుకే తెలియదు."

అతను బయటికి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వాషింగ్ మెషీను అరిచి అరిచి ఆగిపోయినా పట్టించుకోవేమని భార్య రెండేళ్లుగా దెప్పుతోంది. నువ్వే గొణుగుతావని, మనిషిలా గట్టిగా మాట్లాడమని అతను ఆమె మీదే విరుచుకుపడేవాడు. అవన్నీ గుర్తొచ్చాయి. లోపలికి వచ్చి తుక్కు డబ్బాలోంచి మొట్టమొదట విప్పి పారేసిన పంపును వెతికి తీశాడు. బకెట్టు నీళ్లలో ముంచి, రెండు వైర్లు బ్యాటరీకి తగిలించాడు. బకెట్టులో నీళ్లు గిర్రున సుడి తిరిగాయి.

బాగున్న పంపును చచ్చిందని పారేశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"చెవి లేకపోతే చెయ్యి లేదా బావా," అన్నాడు బావమరిది, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

తిట్టబోయి ఆగాడు మేస్త్రి. ఇన్వర్టరు నీళ్ల డబ్బా మూత తీసి టార్చి వేసి లోపలికి చూశాడు. పంపు నిక్షేపంగా తిరుగుతుంటే అక్కడ నీళ్లు సుళ్లు తిరగాలి. అవి నీరసంగా చిన్న అల మాత్రం వేస్తున్నాయి. అంటే తోసేవాడున్నాడు, దారే లేదు. కాసేపు బండి నడవనిచ్చి, ఫ్యాను ఆగాక, ఆ నీళ్లు చల్లారే రేడియేటరు మీద అంగుళం అంగుళం వేళ్లు పెడుతూ వెళ్లాడు. పైభాగం చురుక్కుమంది. కిందిభాగం చల్లగా, నీళ్లే చేరనట్టుంది.

రేడియేటరు విప్పి ఒంచితే గోధుమరంగు జిగురు ముద్దలు ముద్దలుగా జారింది.

"ఈ డబ్బాలో ఎవరైనా ఏమైనా పోశారా అమ్మా?"

నర్సు ఆలోచించింది. "పోయినేడు దూరం వెళ్లినప్పుడు దారిలో ఒక బంకులో తగ్గిందని పోశారు. ఆకుపచ్చగా ఉంది. ఎందుకు?"

"ఇందులో ఉండాల్సింది గులాబీరంగు కూలెంటు నీళ్లు. రెండూ పడక గడ్డకట్టాయి." ఇదే చూపు మొదటిరోజు చూసి ఉంటే గంటలో తేలిపోయేది.

కొత్త రేడియేటరు బిగించి, గొట్టాలన్నీ కడిగి, బుడగ మిగలకుండా గాలి తీసి, నర్సును పక్కన కూర్చోబెట్టుకుని ఎత్తు రోడ్డు తనే ఎక్కించాడు. దీపం వెలగలేదు. పైకి చేరాక కారు ఆపి, "పంపులు రెండూ ఊరికే మార్చానమ్మా, తప్పు నాదే," అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి కొండ ఎక్కినంత పనయింది. ఆమె సంచీలోంచి చెవుల డాక్టరు చిరునామా రాసిన కాగితం తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టింది.

చెవి మిషను వచ్చి ఇప్పటికి నెలయింది. మేస్త్రికి అదంటే పరమ చిరాకు. చెమటకు జారుతుంది, వంగితే కీచుమంటుంది, కంప్రెసరు మొదలుపెడితే తల పగిలిపోతుంది. తీసి జేబులో వేసుకుంటాడు, తిట్టుకుంటూ మళ్లీ పెట్టుకుంటాడు. అన్నిటికన్నా పెద్ద బాధ బావమరిది. వీడు ఇన్నేళ్లుగా ఇంతసేపు వాగుతున్నాడని అతనికి ఇప్పుడే తెలిసింది.