చూపున్న కుక్క

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం రావడం, ఆ బోర్డుల మీద రంగు ఆరకముందే అది ఆంధ్రప్రదేశ్‌గా మారడం, ఆఫీసు బోర్డులు రాసే పెయింటర్లకు చేతినిండా పని దొరకడం, ఇవన్నీ వెంటవెంటనే జరిగిపోయిన కాలమది. ఆ కాలంలో ఇరవై రెండేళ్ల వాడికి ప్రభుత్వ ఉద్యోగం, అందులోనూ తెల్లకోటు వేసుకునే ఉద్యోగం దొరికితే, వాడు కొన్నాళ్లపాటు మనిషిగా పనికిరాడు. నేనూ పనికిరాలేదు. మాది జమ్మలమడుగు. పులివెందుల పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరాను. మందు సీసాలు కడగడం, ఎద్దు మూతి ఎత్తిపట్టి వెదురు గొట్టంతో మందు పోయడం, డాక్టరుగారు సూది వేస్తున్నప్పుడు తన్నులు తినడం నా పని. (తన్నులు ఎద్దువి. డాక్టరుగారు మర్యాదస్తులు.) అయినా పల్లెల వాళ్లు కోటును చూసి నన్ను డాకట్రప్పా అనేవాళ్లు. అది తప్పని నేనెవరికీ చెప్పలేదు.

మా డాక్టరుగారిది గుంటూరు వైపు. ఆయన దగ్గర కుక్కల జాతుల గురించిన బొమ్మల పుస్తకం ఒకటి ఉండేది. చెవి ఎలా ఉండాలి, తోక ఎంత వంపు తిరగాలి, ఛాతీ ఎంత లోతుండాలి, దేనికెన్ని మార్కులు, అన్నీ అందులో ఉన్నాయి. తీరిక వేళల్లో దాన్ని నేను పరీక్షకు చదివినట్టు చదివాను. వచ్చే ఏడు జమ్మలమడుగులో జరిగే పశు ప్రదర్శనలో కుక్కలకూ బహుమతి పెడుతున్నారని, మంచి జాతి కుక్కను తయారుచేసిన వాణ్ణి వేదిక మీదికి పిలుస్తారని డాక్టరుగారు ఒకరోజు యథాలాపంగా అన్నారు. అది మా సొంత ఊరు. మా వీధి వాళ్లంతా ముందు వరుసలో కూర్చుని ఉండగా నేను మెట్లెక్కుతున్న దృశ్యం ఆ క్షణం నుంచే నా కళ్ల ముందు ఆడసాగింది.

సరిగ్గా అప్పుడే లింగాల నుంచి ఒక అవ్వ వచ్చింది. భర్త పోయాక నలభై గొర్రెల మందను ఒంటరిగా కాచుకుంటున్న మనిషి. వెంట బూడిద రంగు ఆడకుక్క. రంగును బట్టే దాని పేరు బూడిది. పళ్లు అరిగిపోయి, ఒక చెవి చీలిపోయి, మా పుస్తకం లెక్కన సున్నాకు దగ్గరగా ఉంది.

"దీనికి వయసైపాయ నాయనా. ఇంగొక్క ఈతే ఈనుతాది. మంచి మగకుక్కను జూసి కట్టిస్తే ఒక్క పిల్లయినా దీని మాదిరి నిలబడ్తాది. కుక్క లేకుంటే గుట్ట కింద మంద నిలవదు. తోడేల్లు బతకనియ్యవు. మంద పాయనంటే నేను మా తమ్ముని కొడుకు ఇంట్లో ముద్ద కోసరం కాసుకోని కూచోవల్ల. అది మాత్రం నాతో కాదు."

"ఎట్లాంటి కుక్క కావాల అవ్వా?" అన్నాను.

"ఏముంది నాయనా, సూపున్నది గావల్ల. సూపుంటే సాలు."

చూపు అంటే నాకు ఒకటే అర్థమైంది. చూపులకు బాగుండాలి! ముసలామెకు ఎంత రసికత అని లోలోపల మెచ్చుకుని, "నాకు వదిలెయ్ అవ్వా" అని భరోసా ఇచ్చాను.

ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లు యజమాని ఇంట్లో లార్డు అనే కుక్క ఉందని విన్నాను. అది మద్రాసులో కప్పు గెలిచిందట. బూడిదిని తీసుకుని అవ్వా నేనూ బస్సెక్కాం. కండక్టరు సీటు కిందికి వంగి చూసి, "యాడికప్పా దీన్ని తోలకపోతాండారు?" అన్నాడు. అవ్వ ఏమాత్రం తడుముకోకుండా "పెండ్లిసూపులకు" అంది. బస్సంతా ఘొల్లుమంది. ఆ తర్వాత దారి పొడుగునా వరుడి గోత్రం ఏమిటి, ఆస్తులేమిటి అని ఎక్కినవాళ్లూ దిగినవాళ్లూ నన్ను అడుగుతూనే ఉన్నారు. నేను కోటు గుండీలు సర్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాను.

వరుడు వరండాలో పేము కుర్చీలో పడుకుని ఉన్నాడు. పాలనురుగు తెలుపు, పొడుగు కాళ్లు, గులాబీ రంగు ముక్కు. పక్కన కూర్చుని ఒక ముసలి సాయిబు దువ్వెనతో దువ్వుతున్నాడు. దగ్గరికి పోతే అత్తరు వాసన. పుస్తకంలోని బొమ్మ లేచి వచ్చినట్టుంది. అవ్వ మాత్రం మెట్టు కిందే నిలబడి, "అయ్యా, ఇది ఏం పని జేస్తాది?" అని అడిగింది. యజమాని నవ్వి, "పనేందమ్మా? ఇది లార్డు" అన్నారు.

"నిద్ర మొగం మాదిరి ఉండాదే నాయనా" అని అవ్వ నా చెవిలో గొణిగింది.

"పెద్దింటి బిడ్డ గదవ్వా, అట్లనే ఉంటాది" అన్నాను.

యజమాని లోపలికి వెళ్లగానే సాయిబు దువ్వెన ఆపి, గొంతు తగ్గించి నాతో, "సార్, మందకు అంటాండారు గాబట్టి జెప్తాండా. ఈ బేటాకు పిల్లిని జూసినా దడ. మొన్న పిల్లి ఎదురొస్తే నా లుంగీలో దూరిండె" అన్నాడు. అవ్వ అప్పుడు బూడిదికి నీళ్లు పట్టడానికి తొట్టి దగ్గరికి పోయింది. ఆ మాట ఆమెతో చెప్పవలసిన వాణ్ణి నేనే. చెప్పలేదు. తిరిగొచ్చి ఆమె నా మొహంలోకి చూసి, "ఏమంటావు? నువ్వు సదువుకున్నోనివి. నువ్వు సరే అంటే సరే" అంది. నేను సరే అన్నాను. నా జీవితంలో నేను చాలా అబద్ధాలు చెప్పాను గానీ, అంత చిన్న మాటలో అంత పెద్ద అబద్ధం ఇంకెప్పుడూ చెప్పలేదు.

బూడిది నాలుగు పిల్లల్ని ఈనింది. నాలుగూ తెలుపే. చూడడానికి ఊరంతా కదిలొచ్చింది. పాలు మానగానే పెద్ద సేద్యాల వాళ్లు మూడింటిని పోటీలు పడి పట్టుకుపోయారు. మిగిలిన దానికి రాజా అని నేనే పేరు పెట్టాను. నాలుగైదు నెలల తర్వాత ఒక ఆదివారం అవ్వ నన్ను గుట్ట దగ్గరికి రమ్మంది. మంద మేస్తోంది. బూడిది ఒక బండ పక్కన పడుకుని ఉంది, నిద్రపోతోందనుకున్నాను. కానీ ఏ గొర్రె రెండడుగులు పక్కకు పోయినా దాని కళ్లు అటు తిరుగుతున్నాయి. అవ్వ రాజాను మంద మధ్య వదిలింది. అది గొర్రెల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఛాతీ ముందుకు పెట్టి నిలబడి, తోక ఊపుతూ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"సూసినావా? మనం దాన్ని జూస్తాండామా లేదా అని జూసుకుంటాంది" అంది అవ్వ. "నాయనా, నేనడిగింది సూపున్న కుక్కను. నువ్వు జేసింది సూపుకు బాగుండేదాన్ని."

తల కొట్టేసినట్టయింది నాకు. అంత తెలిసీ బుద్ధి రాలేదు. ప్రదర్శన ఇంకో పది రోజులే ఉంది. ఒక్కరోజు అవ్వా, ఒక్కరోజు, ప్రైజు నీ చేతికే ఇప్పిస్తానని బతిమాలాను. మందను వదిలి రానని మొదట గట్టిగా అంది. చివరికి, "నీ మొగం జూసి వస్తాండా, పో" అని గొర్రెల్ని ముళ్లకంప దొడ్డిలోకి తోలి, మేత వేసి, బూడిదిని వాకిట్లో కూర్చోబెట్టి వచ్చింది.

జమ్మలమడుగులో పెద్ద అధికారి ఒకాయన రాజా నోరు తెరిచి చూశారు, తోక ఎత్తి చూశారు, టేపుతో ఎత్తు కొలిచారు. అది ఏం చేస్తుందని ఎవరూ అడగలేదు. మొదటి బహుమతిగా కప్పు వచ్చింది. నేను మెట్లెక్కాను. మా వీధి వాళ్లు చప్పట్లు కొట్టారు. (మైకులో నా పేరు తప్పు చదివారు, అది వేరే సంగతి.) అవ్వ కోసం వెతికితే జనానికి దూరంగా నేల మీద కూర్చుని ఎండ వైపు చూస్తోంది. "పొద్దు వాలతాంది, పోదాం పా" అంది.

లింగాల చేరేసరికి ఇంకా వెలుతురుంది. దొడ్డి కంప ఒక మూల తొలగి ఉంది. ఆరు గొర్రెలు లేవు. మిగతావన్నీ ఎదురు మూలకు ఒదిగి ఉన్నాయి. కంప తొలగిన చోట, ఆ సందుకు అడ్డంగా బూడిది పడి ఉంది. ప్రాణముంది. రాజా తోడేళ్ల వాసన తగలగానే అవ్వ చీర కుచ్చెళ్ల వెనక దూరింది. నేను కప్పు కింద పడేసి కూర్చుని, నాకు తెలిసిన కుట్లన్నీ వేశాను. మూడు రోజులు ఆస్పత్రికి పోకుండా అక్కడే ఉన్నాను. ఆ మూడు రోజులూ గొర్రెలు కదిలినప్పుడల్లా బూడిది తల ఎత్తాలని చూసింది. మూడో రోజు మధ్యాహ్నం ఎత్తలేకపోయింది.

అవ్వ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సాయిబు చెప్పిన మాట అప్పుడు చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను. ఆమె మిగిలిన గొర్రెల వైపు తిరిగి, "ఇంగేం జేస్తాం. నేనే సూసుకుంటాలే మందను" అంది. ఆ తర్వాత నేను ఎప్పుడు అటు వెళ్లినా ఆమె బండ మీద నిలబడి, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, నాలుగు దిక్కులూ తిరుగుతూ కనిపించేది. మధ్యాహ్నం కునుకు కూడా మానేసింది. ఆమె నీడలో రాజా నిద్రపోతుండేది.

నేను ఆదివారాలు కుక్కపిల్ల కోసం తిరగడం మొదలుపెట్టాను. కోటు ఇంట్లో వదిలేసి, మందల వెంట నడిచి, కాపరుల పక్కన కూర్చునేవాణ్ణి. ఆరు నెలలు పట్టింది. చివరికి తుమ్మలపల్లె పక్క ఒక కాపరి దగ్గర దొరికింది. మురికి గోనెసంచి రంగు, ఒక చెవి పైకి, ఒకటి కిందికి. దాని ముందు చిటికెలు వేశాను, ఈల వేశాను, బెల్లం ముక్క చూపించాను. నన్ను పూచికపుల్లంత కూడా లెక్కచేయకుండా, దూరంగా పోతున్న మేకపిల్ల మీదే కళ్లు పెట్టుకుని కూర్చుంది. ఒక కుక్క నన్ను అంత అవమానించినందుకు అంత సంతోషించినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు. దాన్ని చంకనేసుకుని లింగాల దాకా నడిచాను.

దొడ్డి ఖాళీగా ఉంది. అవ్వ గడప మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తోంది.

"మంద ఏదవ్వా?"

"మొన్న శుక్రారం సంతకు తోలేసినా నాయనా. కండ్లు ఆనడం లేదు. దూరాన ఉండేది గొర్రో బండో తెలీడం లేదు. ఇంగేం కాపలా కాసేది?"

రాజా కూడా లేదు, ఎవరో ముచ్చటపడితే ఇచ్చేసిందట. నేను కుక్కపిల్లను నేల మీద దించాను. అవ్వ దాన్ని తడిమి, చెవులు పట్టి చూసి, మొహం దగ్గరికి తెచ్చుకుంది. "ఇది మేలు. ఇదీ సూపంటే" అంది. నాకు మంచినీళ్లు తెద్దామని చెంబు తీసుకుని లేచి వీధిలోకి రెండడుగులు వేసింది. కుక్కపిల్ల చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడింది. ఆమె పక్కకు జరిగింది. అది ఆ పక్కకు పోయి, పిక్కను ముక్కుతో నెట్టింది. ఇటు పోతే ఇటు, అటు పోతే అటు. మెల్లగా ఆమెను గడప దాకా తోలుకొచ్చి అక్కడ ఎదురుగా కూర్చుంది.

"ఈ వయసులో నన్ను గొర్రెను జేసినావు గదప్పా!" అని అవ్వ పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియని ఆ కుర్ర కాంపౌండరును తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వే వస్తుంది, కొంచెం జాలి కూడా.

అవ్వ ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. మంద అమ్మిన డబ్బుతోనే నెట్టుకొచ్చింది గానీ తమ్ముని కొడుకు ఇంటికి పోలేదు. చివరి రెండేళ్లూ చూపు పూర్తిగా పోయినా ఊరంతా తిరిగేది. పొద్దు వాలగానే ఆ కుక్క ఆమెను ఇంటికి తోలుకొచ్చేది. లింగాల వాళ్లు నేను కనబడితే, "అంత మంచి కుక్క, అది ఏం జాతిదప్పా?" అని అడిగేవాళ్లు. నాకు తెలియదని చెప్పేవాణ్ణి.