పిల్లని అడిగారా?

సుభద్రగారు ఇక లేరు. వారం క్రితం పొద్దున్నే పనికి బయలుదేరుతూ మా తెలుగు సంఘం వాట్సాప్‌లో ఆ వార్త చూసి నిర్ఘాంతపోయాను. అంతకుముందు శనివారం కూడా మా ఊరి శివారు మనురేవాలో తన గరాజ్‌లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, నన్ను సాయంగా పక్కన కూర్చోబెట్టుకుని, పద్యం చెప్పించిన మనిషి. గుండె ఆగిపోయిందట.

కాకినాడలో టీచరుగా రిటైరై, కూతురి దగ్గరికి ఈ పరాయి దేశం వచ్చి, ఇక్కడి మా తెలుగు బడికి ప్రాణం పోసిన విదుషీమణి ఆమె. పిల్లల ఫొటో తీయాలంటే ముందు ఆ పిల్లల్నే అడగాలన్నది ఆమె నియమం. "వాళ్ళమ్మని అడిగితే చాలదా?" అన్నాను ఒకసారి. "మొహం వాళ్ళమ్మదా ఏంటండీ?" అన్నారు.

ఒక ఉగాది వేడుకలో తన్వి అనే పిల్ల పద్యం మధ్యలో మరిచిపోయి వేదిక మీదే ఏడ్చేసింది. సుభద్రగారు పరుగున వెళ్ళి పొదువుకున్నారు. మా సంఘం కార్యవర్గం మాత్రం ఆ ఏడుపు వీడియోకు కామెడీ సంగీతం జోడించి ఫేస్‌బుక్‌లో పెట్టింది. ఊరూవాడా నవ్వింది. తన్వి తెలుగులో నోరు విప్పడమే మానేసింది.

తీసెయ్యమని సుభద్రగారు అధ్యక్షుణ్ణి అడిగారు.

"క్యూట్‌గా ఉందని పెట్టాం ఆంటీ. పేరెంట్సే షేర్ చేశారు, లైట్ తీసుకోండి."

"పిల్లని అడిగావా నాయనా?"

"చిన్నపిల్లని అడిగేదేంటి ఆంటీ!"

తర్వాతి టర్మ్‌కి ఆమెకు శాలువా కప్పి, 'విశ్రాంతి' ఇచ్చి బడి నుంచి సాగనంపారు. ఇలాంటి మర్యాదల్లో మావాళ్ళని మించినవాళ్ళు లేరు.

డెబ్బై దాటిన ఆ వయసులో ఆమె లైబ్రరీలో కంప్యూటర్ క్లాసుకు చేరారు, వీడియో మీద ఫిర్యాదు చేయడం నేర్చుకోవడానికి. అర్థంకాని చోట తన్వినే గురువును చేసుకున్నారు. "నో ఆంటీ, అది కాదు, ఇది నొక్కండి" అంటూ ఆ పిల్ల మళ్ళీ తెలుగులో మాట్లాడింది. "ఈ వయసులో ఇదంతా ఎందుకండీ?" అంటే, "నేర్చుకోవడం మానేశాక పిల్లల ముందు నిలబడే హక్కు ఉండదండీ" అన్నారు. ఫేస్‌బుక్ నుంచి ఎన్ని తిరస్కారాలు వచ్చినా వదల్లేదు. చివరికి వీడియో పోయింది. సుభద్రగారు తన గరాజ్‌లో సొంతంగా మొదలుపెట్టిన బడికి తన్వి వచ్చి ఆ పద్యం పూర్తిగా చెప్పింది.

నిన్న సంఘం హాల్లో సంతాప సభ. తెర మీద నివాళి మొదలైంది. అదే వీడియో, ఏడుస్తున్న తన్విని ఆమె పొదువుకున్నది! ఎవరో దాచి ఉంచారు. సంగీతం మార్చి, 'మాతృమూర్తి' అని రాశారు.

తన్వి లేచింది. "ఎవర్ని అడిగి పెట్టారు?"

"ఆంటీకి నివాళి కదమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"నన్ను అడగలేదు. ఆంటీని కూడా అడగలేదు."

నేరుగా వెళ్ళి ప్రొజెక్టర్ వైరు పీకేసింది. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. హాల్లో నిజంగా పైకి లేచినవి మాత్రం ఫోన్లు. సుభద్రగారి ఫొటోకు దండ వేసి వచ్చిన చేతులే ఆ పిల్లని మళ్ళీ వీడియో తీశాయి. సుభద్రగారూ, మీ లోటు తీరేది కాదని అప్పుడు తెలిసింది. మీ పాదాలకు నా నమస్కారం.

ఇది రాసే ముందు తన్విని అడిగాను. రాయమంది, ఫొటో వద్దంది, అసలు పేరు వద్దంది. అందుకే పేరు మార్చాను.