కొవ్వు ముక్కల బావ

మా అక్క మొగుడు ఏ దావత్‌కు వెళ్లినా మటన్‌లో కొవ్వు ముక్కలే ఏరుకునేవాడు. ఆ కొవ్వు చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి గుండె రక్తనాళాలను పూడుస్తుందని కోరుట్ల లైబ్రరీలో చదివి, ఒక దావత్‌లో ఆయనకు చెప్పాను.

"అగో, లైబ్రరీ డాక్టర్ అచ్చిండు! ఏం డాక్టరూ, సూది తెచ్చినవా?"

బంతిలో అందరూ నవ్వారు. నా కొత్త పెళ్లాం కూడా.

ఈ ఏడు ఆయనకు స్టెంట్ వేశారు. ఆసుపత్రి డాక్టర్ ఇంగ్లిషులో రాసిచ్చిన తిండి చీటీ చదవమని నన్నే పిలిచాడు. మటన్ కొవ్వు వద్దన్నది గట్టిగా చదివాను. చేపలు వారానికి రెండుసార్లు తినవచ్చన్న వరుసను దాటేశాను.

మానేరు చేపలంటే ఆయనకు ప్రాణం.

"డాక్టరూ, జర ఇంకోపారి సదువరాదు. చేపలు గిట్ల రాసిండేమో?"

ఈసారి ఆ పిలుపులో వెటకారం లేదు. చీటీ తిప్పి తిప్పి చూశాను.

"చేపలు రాయలే బావా."