ద్వారపూడి దాటాక ఆగిన బండి

మా పెదనాన్న పోయి మూడు వారాలైంది. కడియం స్టాండులో ముప్పయ్యేళ్ళు మొక్కల బండి తోలిన మనిషి గురించి మన లారీల అసోసియేషన్ పత్రికకి నాలుగు మాటలు రాయమన్నారు. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నన్నే అడిగారు. మామూలుగా అయితే మనసు కుదుటపడ్డాక ఎప్పుడో రాసేదాన్ని. కానీ ఉగాదికి మా పెద్దమ్మకి నేనొక జవాబు చెప్పాలి. అది చెప్పడానికి మీలో ఒకరి సాయం కావాలి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆయన బండి మీకు తెలుసు. డీజిల్ లారీల వరసలో ఒక్కగానొక్క పాత పెట్రోల్ ట్రక్కు. తాళం తిప్పగానే కింద, ఇంజనుకి పెట్రోలు అందించే కరెంటు పంపు టిక్కుటిక్కుమని కొట్టుకునేది. "గోడ గడియారం కొన్నావా బాబాయ్?" అని మీలో కొందరు ఏడిపించేవారు. "టైము చెప్పదురా. నీ లారీలాగా ఊరంతా పొగబెట్టదు కూడానూ" అనేవారాయన.

ఆయనకి అక్షరం రాదు. నర్సరీల చీటీలు, పెట్రోలు బిల్లులు, ఊళ్ళ బోర్డులు నాచేత చదివించుకునేవారు. ఏడో తరగతి సెలవుల నుంచి పక్క సీటు నాది. నా బట్టలకి మరకలంటకుండా దాని మీద ఉతికిన గోనెపట్టా మడతపెట్టి వేసేవారు. నేను చీటీలు చదివితే ఆయన నాకు బండి నేర్పారు.

"ముందు చెవి, తర్వాత చెయ్యి, ఆఖర్న సుత్తి" అనేవారు. తాళం తిప్పి వినాలి. పంపు కాసేపు కొట్టుకుని ఆగితే పెట్రోలు అందినట్టు. ఆగకుండా కొట్టుకుంటే ట్యాంకు ఖాళీ, లేదా పైపులో గాలి. అసలు చప్పుడే లేకపోతే టెస్టు బల్బు తియ్యాలి. దానికి రెండు వైర్లు. ఒకటి బండి ఇనుముకి, ఒకటి పంపుకి వచ్చే వైరుకి ఆనించాలి. బల్బు వెలిగితే కరెంటు వస్తోంది, తప్పు పంపుదే.

"వెలగకపోతే?" అని అడిగేవారు.

"తప్పు పంపుది కాదు. వైరు పట్టుకుని వెనక్కి పోవాలి."

"రైటు. నోరులేని పంపు మీద నింద వెయ్యకూడదమ్మడూ."

పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్ పరీక్షలో నాకు ర్యాంకు వచ్చింది. ఆటోమొబైల్ బ్రాంచిలో చేరాలని నా ఆశ. కౌన్సెలింగుకి కాకినాడ రమ్మన్నారు. "బస్సెందుకు, గులాబీ లోడు అటే పోతోంది, నేను దింపుతాను" అన్నారు పెదనాన్న. పొద్దున స్టాండులో టీ తాగుతూ, "ఇది కాకినాడ పోతే నా చీటీలు ఎవరు చదువుతార్రా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ద్వారపూడి దాటాక కాలువ గట్టున బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తాళం తిప్పితే చప్పుడు లేదు. ఓణీ నడుముకి దోపి నేనే దిగాను. టెస్టు బల్బు బ్యాటరీ దగ్గర వెలిగింది. ఫ్యూజు దగ్గరా వెలిగింది. పంపు దగ్గర వెలగలేదు.

"పెదనాన్నా, వైరే! ఫ్యూజుకీ పంపుకీ మధ్యలో ఎక్కడో ఉంది. కాస్త లే, నీ సీటు కింద చూస్తాను."

బండి ఆగితే ఒక్క క్షణం కూర్చునే మనిషి కాదు. ఆరోజు లేవలేదు.

"అక్కడేం లేదమ్మడూ. పంపు లోపల కరెంటు కలిపే పాయింట్లు కాలిపోయాయి. చేతులు కడుక్కుని వచ్చి కూర్చో."

"మరి బల్బు వెలగలేదు కదా?"

"ఏంటే, నాకే చెప్తున్నావా? కూర్చోమంటుంటే!"

కూర్చున్నాను. కాకినాడ బస్సు వచ్చింది. దిగబోతుంటే "ఐదు నిమిషాల్లో అయిపోద్ది, ఆ జనంలో ఎక్కడ నిలబడతావ్?" అన్నారు. రెండో బస్సుకీ అదే మాట. ఎండ నడినెత్తికి వచ్చాక పంపు దగ్గరికెళ్ళి ఏదో గీకారు. తిరిగొచ్చి సీట్లో కూర్చుని తాళం తిప్పారు. పంపు టిక్కుటిక్కుమంది.

కాకినాడలో నా ర్యాంకు దాటిపోయింది. "మూడుసార్లు పిలిచామమ్మా" అన్నాడు గుమాస్తా. ఆటోమొబైల్లో ఆఖరి సీటు నా తర్వాతి అమ్మాయి తీసుకుంది. తిరుగుదారంతా ఏడ్చాను. పెదనాన్న నా తల నిమిరి, "పంపు మోసం చేసిందమ్మడూ" అన్నారు.

రాజమండ్రిలో ఇంటరూ డిగ్రీ చదివాను. ఇప్పుడు బళ్ళో సైన్సు చెబుతున్నాను. ఆ ఐదేళ్ళూ ఆయనే కాలేజీకి దింపేవారు. వానలో, ఎండలో, పరీక్షల రోజుల్లో, బండి ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. "మా అమ్మాయి డిగ్రీ" అని చెక్‌పోస్టు వాళ్ళకి కూడా చెప్పేవారు. ఇదంతా నిజమే. ఇది మరిచిపోయి రాస్తే నాదీ తప్పే.

పోయినవారం పెద్దమ్మ తాళంచెవి నా చేతిలో పెట్టింది. "బండి అమ్మడికే ఇమ్మన్నారే. ఉంచుకుంటావో, అమ్మేయమంటావో ఉగాదికి చెప్పు" అంది.

వెళ్ళి తాళం తిప్పాను. చప్పుడు లేదు. ఆయన నేర్పిన వరసలోనే చూశాను. ఫ్యూజు దగ్గర బల్బు వెలిగింది, పంపు దగ్గర లేదు. ఈసారి లేవమని అడగడానికి సీట్లో ఎవరూ లేరు. సీటు ఎత్తాను. పంపు వైరు మధ్యలో ఒక చిన్న నల్ల స్విచ్ ఉంది. నొక్కాను. పంపు టిక్కుటిక్కుమంది. బండి స్టార్ట్ చేసి, ఇంజను నడుస్తుండగా ఆ స్విచ్ మళ్ళీ ఆపి చూశాను. లోపల మిగిలిన పెట్రోలు అయ్యేదాకా నడిచి, రెండుసార్లు దగ్గి ఆగింది.

పాయింట్లు పంపు లోపలివి, అవి కాలినా పంపు దాకా కరెంటు వచ్చి బల్బు వెలగాలి. ఆ సంగతి ఆరోజే నాకు తెలుసు. తెలిసీ బల్బుని కాదని ఆయన్ని నమ్మాను. అన్నేళ్ళు పక్క సీట్లో కూర్చున్నాను, బండిలో ప్రతి వైరూ చూపించారు, ఇది ఒక్కటి చూపించలేదు.

దొంగలెత్తుకుపోకుండా పాత బండ్లకి ఇలా స్విచ్ దాస్తారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాన్ని బిగించిన ఎలక్ట్రీషియన్ మీలోనే ఉండుంటారు. మిమ్మల్ని తప్పు పట్టనండి. నాకు ఒక్కటే తెలియాలి. అది ఏళ్ళ ముందే దొంగల కోసం పెట్టిందా? లేక నా కౌన్సెలింగు ముందు ఆ వారంలో పెట్టించుకున్నారా? మొదటిదైతే, ఆ ఒక్క ఉదయం ఆయన మనసు తడబడిందనుకుంటాను, బండి తీసుకుంటాను. రెండోదైతే నావల్ల కాదు.

ఉగాది లోపు ఈ పత్రిక చిరునామాకి ఒక కార్డు ముక్క రాయండి. అప్పటిదాకా తాళంచెవి పెద్దమ్మ ఇంట్లో గోడ మేకుకే ఉంటుంది, రెండు వైర్లు వేలాడే ఆ టెస్టు బల్బు పక్కన.