ఎగరకుండానే కూలిన విమానం

విమానం కూలాలంటే ముందు అది ఎగరాలని మీరు అనుకుంటున్నారు కదూ? లోకమంతా అలాగే అనుకుంటోంది. నేల మీది నుంచి జానెడు కూడా లేవకుండా విమానాన్ని కూల్చి చూపించిన మొనగాణ్ణి నేను. అదీ ఎవరూ లేనప్పుడు గుట్టుగా కాదు. షామియానా వేయించి, మైకు పెట్టించి, బిర్యానీ వండించి మరీ కూల్చాను. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. మా ఆవిడ నవ్వినన్ని రోజులు మీరు ఎలాగూ నవ్వలేరు.

తప్పంతా మా మామది. కాదు, నాదే. కానీ ఆయన మీద తోసి మొదలుపెడితే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.

మాది ఇబ్రహీంపట్నం. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి ఆదిభట్ల పోతాను. అక్కడ విమానాల భాగాలు చేసే ఒక కంపెనీలో అల్యూమినియం రేకుకు చిల్లులు కొట్టడం నా ఉద్యోగం. అదీ ఎడమ వైపు రేకుకు మాత్రమే. కుడి వైపు రేకు నేల మీద గీసిన పసుపు గీతకు అవతల, వేరే వాళ్ళ పని. రేకు మీద అచ్చు పెట్టాలి, అచ్చులో ఎక్కడ కన్నముంటే అక్కడ చిల్లు కొట్టాలి. మధ్యలో ఆలోచించకూడదు. ఆలోచించకపోవడంలో నన్ను మించినవాడు లేడని కంపెనీ నాకు రెండుసార్లు బెస్ట్ వర్కర్ సర్టిఫికెట్ కూడా ఇచ్చింది.

పెళ్ళిచూపుల్లో మామ అడిగాడు, "ఏం పని చేస్తవ్ బిడ్డా?" అని. ఎదురుగా మంజుల చాయ్ కప్పులతో నిలబడి ఉంది. అంత చక్కటి పిల్ల ముందు "చిల్లులు కొడత" అని ఏ మగాడైనా అంటాడా, మీరే చెప్పండి.

"విమానాలు తయారు చేస్త" అన్నాను.

మా మామకు పెద్ద అంబర్‌పేట్‌లో, విజయవాడ హైవే పక్కన, లారీలకు పంచర్లు వేసే దుకాణం ఉంది. ఆ రోజు నుంచి ఆకాశంలో ఏ విమానం కనబడినా ఆయన పానా కింద పెట్టేసి, "గది మా అల్లుడు చేసిందే" అని డ్రైవర్లకు చూపించేవాడు. ఆ లారీలు విజయవాడ దాకా పోయేవి, వాటితో పాటు నా కీర్తి కూడా పోయేది. నేను కొట్టే చిల్లుల సంగతి పెళ్ళైన నెలకే మంజులకు తెలిసిపోయింది. అయినా తండ్రి సంబరం చూసి నోరు మూసుకుంది.

ఇలా మూడేళ్ళు సుఖంగా గడిచాయి. ఒక రోజు మా బావమరిది కొత్తింటి దావత్‌లో ఎవరో చుట్టం ఉన్నట్టుండి అన్నాడు, "గన్ని విమానాలు చేసెటోడు అత్తగారింటికి బస్సుల వస్తడేందే?"

అందరూ నవ్వారు. మామకు రోషం వచ్చింది.

"ఏమనుకుంటున్రు? మావోడు తల్సుకుంటే ఇంట్లనే చేస్తడు విమానం! ఏం అల్లుడా?"

ఆ సమయంలో నా నోట్లో మటన్ నల్లి బొక్క ఉంది, మూలుగ జుర్రుతున్నాను. మాట పెగలక తల ఊపాను. మన తల ఊపుడు సంగతి మీకు తెలియనిదేముంది? అవునన్నవాడికి అవును, కాదన్నవాడికి కాదు. మామ అవుననే లెక్క వేసుకున్నాడు.

"చూసిన్రా! రాస్కోండ్రి!"

ఇంటికొచ్చాక మంజుల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"చేస్తవా నిజంగ?"

"ఎందుకు చెయ్య?"

"నీకు చిల్లులు కొట్టుడు తప్ప ఏమొస్తదయ్యా? ఇగో చెప్తున్న. మా బాపు నీ పేరు చెప్పుకొని పది మందిల తలెత్తుకొని తిరుగుతున్నడు. ఆ తల దించేటట్టు చేసినవనుకో, నేనైతే ఊకోను."

అంతటితో ఆగవలసినవాణ్ణి. కానీ మగాడు ఆగాడంటే లోకంలో నవ్వుకోవడానికి ఏముంటుంది? ఇంజను లేదు, రెక్క లేదు, విమానం పేరు మాత్రం అప్పుడే పెట్టేశాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది నెలలు కష్టపడ్డాను. ఒక్క మనిషి కూర్చునే బుజ్జి విమానం. అల్యూమినియం పైపుల ఒళ్ళు, పాత బైకు ఇంజను, ముందు చెక్క పంకా, కింద తోపుడు బండి చక్రాలు మూడు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. వాటిలో మాట్లాడేది నాకు అర్థం కాని భాష కాబట్టి, వాళ్ళు "ఇలా చేయకండి" అన్నవి కూడా కొన్ని చేసి ఉంటాను.

ఇక్కడ రెక్క గురించి ఒక్క ముక్క చెప్పాలి, ఓపిక పట్టండి. విమానం రెక్క చెక్క పలకలా ఉండదు. కింద చదునుగా, పైన ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ పైన ఉబ్బే విమానాన్ని లేపుతుంది. నేను ఒక అచ్చు తయారు చేసుకుని ముందు ఎడమ రెక్క చేశాను. బ్రహ్మాండంగా వచ్చింది. ఎడమ వైపు పనిలో నన్ను మించినవాడు లేడని ముందే మనవి చేశాను. తర్వాత అదే అచ్చు పెట్టి రెండోది చేశాను. అచ్చు ఉండగా బుర్రతో పనేముంది?

మంజుల టైలరు. సందు చివర దుకాణం, రవికలకు పేరు మోసిన చెయ్యి. రెక్కలకు గుడ్డ తొడుగులు కుట్టే పని ఆమెకు అప్పజెప్పాను. కొలతలు తీసుకోవడానికి టేపు పట్టుకుని షెడ్డులోకి వచ్చి, రెండు రెక్కలనూ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఇగో, గిటు రా జర."

"ఏందే?"

"రెండూ ఎడమ దిక్కుయే చేసినవ్."

"ఏం మాట్లాడుతున్నవ్?"

"రవికకు చేతులు కత్తిరించేటప్పుడు బట్ట మడతేసి కత్తిరిస్తం. మడత మర్సిపోతే రెండు చేతులు ఒక్క దిక్కుకే వస్తయ్. కొత్తగ నేర్సుకునెటోళ్ళు మొదటి వారం గిదే తప్పు చేస్తరు. నువ్వు గదే చేసినవ్."

నాకు ఒళ్ళు మండింది. విమానాల కంపెనీలో రెండు సర్టిఫికెట్లు తీసుకున్నవాడికి రవికలు కుట్టే మనిషి పాఠం చెప్పడమా!

"గిది రవిక కాదే, విమానం!"

"రవికకైన విమానానికైన ఉండేటియి రెండు చేతులే గద?"

"నీకు తెల్వదు. తిరగేసి బిగిస్తే అదే కుడిదైతది."

నిజంగానే తిరగేసి బిగించాను. ముందు అంచు ముందుకే వచ్చింది. ఒంటికి తగలాల్సిన కొస ఒంటికే తగిలింది. కాకపోతే ఉబ్బు మాత్రం కిందికి పోయింది.

"ఒకటి పైకి ఉబ్బింది, ఒకటి కిందికి ఉబ్బింది" అంది మంజుల.

"దాన్నే బ్యాలెన్స్ అంటరు" అన్నాను. క్యాంటీన్లో ఇంజనీర్లు తరచు వాడే మాట అది.

ఆమె నా ముఖం చూసింది, రెక్క చూసింది, తొడుగులు కుట్టి ఇచ్చింది. పాపం ఆమె కుట్టు మాత్రం ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

ఈలోగా సంగతి వెంచర్ శేఖరన్న చెవిన పడింది. పొలాలను ప్లాట్లు చేసి అమ్మడం ఆయన వ్యాపారం. ఊరి బయట ఆయన కొత్త వెంచర్లో ఇల్లు ఒక్కటీ లేదు గాని, నల్లటి వెడల్పాటి రోడ్డు ఉంది, ఇరువైపులా తెల్ల సున్నం వేసిన హద్దు రాళ్ళున్నాయి.

"యాదగిరీ, ఆ రోడ్డు మీద ఎగరేయ్. ఫికర్ చెయ్యకు, ఖర్చంత నాదే."

వారం తిరిగేసరికి చౌరస్తాలో ఫ్లెక్సీ వెలిసింది. నల్ల కళ్ళద్దాలతో నేను, నా పక్కన నమస్కారం పెడుతూ శేఖరన్న, మా ఇద్దరి మీదా ఒక పెద్ద విమానం. "సొంత రన్‌వే గల ఏకైక వెంచర్! కెప్టెన్ యాదగిరి చేతుల మీదుగా!"

"అన్నా, అది ఇంకా ఎగురనే లేదు" అన్నాను భయంగా.

"ఎగురుడు నీ పని. చెప్పుడు నా పని" అన్నాడాయన.

ముందుగా ఒకసారి నడిపి చూసుకోలేదా అని మీరు అడగవచ్చు. కొత్త బండిని పూజ కాకముందే రోడ్డెక్కిస్తారా ఎవరైనా? మామ అసలే ఒప్పుకోలేదు.

ఆదివారం పొద్దున షామియానా కింద జనం కిటకిటలాడారు. ప్లాట్లు చూసుకునేవాళ్ళను శేఖరన్న ఏసీ బస్సులో పట్నం నుంచి దింపించాడు. మామ తెల్ల బట్టల్లో, భుజం మీద కండువాతో, పంచర్ దుకాణానికి వచ్చే డ్రైవర్లందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. విమానానికి పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, మూడు చక్రాల కింద మూడు నిమ్మకాయలు పెట్టారు. మామ మైకు అందుకున్నాడు. "నా బిడ్డనిచ్చినందుకు ఇయ్యాల నా జన్మ ధన్యమైంది" అన్నాడు. కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నాకూ కళ్ళు చెమర్చాయి.

హెల్మెట్ పెట్టుకుంటుంటే మంజుల దగ్గరికొచ్చి మెల్లగా అంది, "ఇప్పటికైనా ఇను. కడుపు నొస్తుందని చెప్పు, దిగు. నేను చూసుకుంట."

"బ్యాలెన్స్" అన్నాను నేను, ఆత్మవిశ్వాసంతో.

ఇంజను మొత్తుకుంది. నిమ్మకాయలు పటపటా చితికాయి. విమానం ఉరికింది. జనం చప్పట్లు కొట్టారు. కొంత దూరం పోయాక ఎడమ రెక్క పైకి లేవసాగింది. "లేస్తుంది! లేస్తుంది!" అని మామ అరుస్తున్నాడు. నిజమే, ఎడమ వైపు లేస్తోంది. కుడి వైపు మాత్రం అంతే పట్టుదలగా నేలను అణుస్తోంది. కుడి రెక్క కొస రోడ్డును గీరింది. విమానం గిర్రున కుడికి తిరిగి ప్లాట్లలోకి దూకింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటారు, నేను హద్దు రాయికి కూడా ఎగరలేదు. వరసగా ఆ రాళ్ళన్నిటినీ గుద్దుకుంటూ పోయాను. ఒక చుట్టు, రెండు చుట్లు. ఇంజను ఆపే మీట నా చేతికే ఊడి వచ్చింది. మూడో చుట్టులో విమానం షామియానా వైపు తిరిగింది. జనం చెల్లాచెదురయ్యారు. గుంజ ఒకటి విరిగింది, గుడ్డ మీద పడింది, చివరికి పెరుగు చట్నీ గంగాళంలో ముక్కు ముంచి విమానం శాంతించింది.

దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. ఉల్లిపాయ ముక్కలతో నేను బయటికి పాకి వచ్చేసరికి పట్నం నుంచి వచ్చిన ఒకాయన అడుగుతున్నాడు, "రాళ్ళన్నీ పడిపోయినయ్, ఇప్పుడు నా ప్లాటు ఏది?" శేఖరన్న నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. ఫ్లెక్సీ ఫొటో ఎస్సై సారు ఫోనుకు కూడా చేరిందట.

"ఎవడ్రా కెప్టెన్? పర్మిషన్ లేకుండ విమానం ఎగరేసినవంట?"

నేను నోరు తెరిచే లోపు మామ అడ్డొచ్చాడు.

"ఎగరేసిండు సార్! నా కండ్లతోని చూసిన. తాటిచెట్టంత ఎత్తు లేసింది!"

"అట్లనా? అయితే కేసే. నడువ్ టేషన్‌కు. లోపలేస్త."

మామ నాలుక్కరుచుకున్నాడు. అల్లుణ్ణి పొగడబోయి జైలుకు పంపుతున్నానని ఆయనకు అప్పుడు తట్టింది. ఎస్సై నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు. ఎగిరిందా, ఎగురలేదా?"

ఎగిరిందంటే జైలు, ఎగరలేదంటే మామ తల పది మందిలో దిగిపోతుంది. మీరు నమ్మినా నమ్మకపోయినా, నేను జైలుకే సిద్ధపడ్డాను. "ఎగిరి..." అని మొదలుపెట్టాను కూడా.

"ఎగురలే సార్" అంది మంజుల. "ఎట్లెగురుతది? రెండూ ఎడమ రెక్కలే. మీరే చూడుండ్రి."

ఎస్సై వంగి చూశాడు. రెండోసారి చూశాడు. మీసాల కింద నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏం పని చేస్తవయ్యా నువ్వు?"

"విమానాలు..." అన్నాను. మంజుల చూపు తగిలింది. ఇక నా వల్ల కాలేదు. "చిల్లులు కొడత సార్. ఆదిభట్లల. ఎడమ రేకుకు."

"చిల్లులా?" అన్నాడు మామ.

"అవ్ మామా."

"ఇన్నేండ్ల సంది?"

"అవ్ మామా."

డ్రైవర్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మామ భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. ఇప్పుడు చెబుతూ నవ్వుతున్నాను గాని, ఆ నిమిషంలో ఆ గంగాళంలోనే మునిగిపోతే బాగుండుననిపించింది.

ఎస్సై రైటరును పిలిచి పంచనామా రాయించాడు. "సదరు యాదగిరి తయారు చేసిన వస్తువును పరిశీలించగా, అందలి రెక్కలు రెండును ఎడమవే అయినందున, అది ఎగరలేదనియు, ఎగరజాలదనియు, కావున సదరు వస్తువు విమానము కాదనియు పంచుల సమక్షమున నిర్ధారించడమైనది." కేసు తప్పింది. పెద్దమనిషిగా కింద సంతకం పెట్టమని కాగితం మామకే ఇచ్చారు. ఆయన రెండుసార్లు చదివి, సంతకం పెట్టి, లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

రెండు నెలలు మా గడప తొక్కలేదు. మళ్ళీ ఒక పెళ్ళి దావత్‌లోనే కలిశాం. అనుకున్నంతా అయింది. ఎవరో నవ్వుతూ అడిగారు, "ఏమాయెనే మీ అల్లుని విమానం?" నేను తల విస్తరిలో దూర్చేశాను.

మామ చెయ్యి కడుక్కుని, జేబులోంచి పంచనామా జిరాక్సు తీశాడు. లామినేషన్ కూడా చేయించాడు.

"సద్వుకోండ్రి! ఈ జిల్లాల విమానం చెయ్యనోళ్ళు మస్తుమంది ఉన్నరు. మీ అల్లుండ్లు చేసిన్రా? చెయ్యలే. మరి చెయ్యలేదని ఏ సర్కారన్న వాళ్ళకు రాసిచ్చిందా? మా అల్లునికొక్కనికే రాసిచ్చింది, ముద్ర కొట్టి!"

కాబట్టి, నన్ను ఒక్క క్షణమైనా వదిలిపెట్టని ఆ భూదేవి సాక్షిగా, శుచినై, తూర్పు ముఖంగా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో విమానం కట్టను, కట్టేవాడి నీడలో నిలబడను. మంజుల ఎప్పుడైనా "గిది తప్పు" అంటే, వాదించకుండా ముందు బిగించింది విప్పేసి, ఎందుకని ఆ తర్వాత అడుగుతాను.