హుసేనప్ప అన్న పేరు

కర్నూలు సంబంధం జాతకాలు కుదరక తప్పిపోయిందని మా ఇంట్లో అందరి నమ్మకం. తప్పించింది నేనే. దస్తూరి బాగుంటుందని నాయన నా జాతకానికి నాచేతే నకలు రాయించాడు. కుజదోషం పడేట్టు కుజుణ్ణి ఆరో ఇంట్లోంచి ఏడో ఇంట్లోకి జరిపి రాశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు.

పెళ్లికొడుకు గుమాస్తా. కర్నూలు రాజధాని అయినప్పుడు డేరాల్లో పెట్టిన ఆఫీసుల్లో ఒకదాంట్లో పని. కూర్చునేది డేరా కిందే అయినా మాటలు మాత్రం సింహాసనం మీంచి వచ్చేవి. పెళ్లిచూపుల్లో మా నాయన అతని పేరడిగితే, పురాణంలోంచి ఏరుకొచ్చిన పొడుగాటి పేరొకటి చెప్పాడు. నేను తల వంచుకుని విన్నాను. తల వంచుకున్నవాళ్లకు చెవులు బాగా పనిచేస్తాయి.

ఇంతలో వాళ్లమ్మ మురుకుల పళ్లెం అతని ముందుకు జరిపి, "తిను హుసేనప్పా, పొద్దున్నుంచి ఏం తినలే" అంది.

అతని మొహం మాడిపోయింది. "ఆ పేరు ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

"చిన్నప్పుడు సేద్యగాళ్లు అట్ల పిలుస్తాండ్రిలే" అని అతని మేనమామ సర్దాడు. నాయన బుద్ధిగా తలూపాడు. మా ఊళ్లోనే నలుగురు హుసేనప్పలున్నారు, నలుగురూ హిందువులే. ఆ పేరు ఎట్లా వస్తుందో నాయనకు తెలియదా?

నన్ను లోపలికి పంపాక వాళ్లమ్మ కూడా లేచి వంటింట్లోకొచ్చి నా పక్కన కూర్చుంది. నలుగురు బిడ్డలు పురిట్లోనే పోయారట. ఐదోసారి కడుపుతో ఉన్నప్పుడు, పీర్ల పండగలో తడిబట్టలతో నిప్పుల గుండం చుట్టూ తిరిగి, ఈ బిడ్డ బతికితే పీరు పేరే పెడతానని మొక్కుకుంది. బతికాడు. పీరునెత్తే ముజావరు నెమలీకలతో బిడ్డ తల నిమిరి చెవిలో పేరు చెప్పాడు.

"హుసేను పీరుది, అప్ప మాది. పిలవకపోతే ఆ సామి వీన్ని మర్సిపోతాడేమోనని భయం తల్లీ" అంది.

నలుగుర్ని పూడ్చిపెట్టాక దక్కిన పేరును ఆఫీసు రిజిస్టరులో సొగసు కోసం పారేసిన మొనగాడు, రేపు పెళ్లాన్ని దేనికోసం పారేస్తాడో! మర్నాడే కుజుణ్ణి కదిలించాను.

మరుసటేడు డోన్ స్టేషన్లో ఆమె కనిపించింది. నేను పక్కకు తప్పుకోబోతే వచ్చి చెయ్యి పట్టుకుంది. అంతలో ఆమె రైలొచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి అంది:

"నీ కుజదోషం పోవల్లని మొన్న పీర్లకు మొక్కినా తల్లీ. కొడుకు పుడితే ఆ పేరే పెట్టు. పెద్దయినాక వాడు సిగ్గుపడితే మాత్రం చెంప మీద ఒకటియ్యి."